పుకారుకు నియమాలుంటాయి: ‘వరల్డ్ ఆఫ్ హారర్’ గేమ్ ఎందుకు భయపెడుతుంది?

1979లో జపాన్‌లోని కొన్ని ఊళ్ల బడులు పిల్లల్ని ఒంటరిగా ఇళ్లకు పంపడం మానేశాయి. గుంపులుగా వెళ్లమన్నాయి, కొన్నిచోట్ల పెద్దవాళ్లను తోడిచ్చి పంపాయి. కారణం ఒక ఆడమనిషి. ఆమెను కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు. చూసినవాళ్లు తమకు తెలుసు అనేవాళ్లు మాత్రం ప్రతి తరగతిలోనూ ఉన్నారు. సాయంత్రం చీకటి పడేవేళ, ముఖానికి మాస్కు పెట్టుకుని ఎదురొస్తుంది. జపాన్‌లో జలుబు చేసినా మాస్కు పెట్టుకుంటారు కాబట్టి దాన్ని చూసి ఎవరూ అనుమానపడరు. దగ్గరికొచ్చి “నేను అందంగా ఉన్నానా?” అని అడుగుతుంది. “లేవు” అంటే చంపేస్తుంది. అవునంటే మాస్కు తీస్తుంది. నోరు చెవుల దాకా చీరి ఉంటుంది. “ఇలా ఉన్నా అందంగానే ఉన్నానా?” అన్నది రెండో ప్రశ్న.

ఈమె పేరు కుచిసాకే ఒన్నా, అంటే నోరు చీరిన ఆడది. 1978 చివర గిఫు ప్రాంతంలో పుట్టిన ఈ పుకారు కొత్త సంవత్సరం మొదట్లోనే స్థానిక పత్రికకెక్కింది. ఆరు నెలలు తిరగకుండా దేశమంతా పాకింది. ఇంటర్నెట్ లేదు, టీవీ కూడా ఆలస్యంగానే అందుకుంది. మోసింది పిల్లల నోళ్లూ, తల్లుల ఫోన్లూ. పిల్లలు బడి అయ్యాక ట్యూషన్లకు వెళ్లి రాత్రి ఒంటరిగా తిరిగి రావడం అప్పటికి మామూలైపోయింది. బడికీ ఇంటికీ మధ్య, పెద్దల కన్ను పడని ఆ దారిలోనే కథ బలపడింది. కొన్ని పట్టణాల్లో పోలీసు కార్లు గస్తీ తిరిగాయి. జూన్‌లో హిమేజీ నగరంలో ఒక యువతి సరదాకి ఆ వేషం కట్టి, వంటకత్తి పట్టుకుని వీధిలోకి వచ్చి పోలీసులకు చిక్కింది. ఆగస్టుకు వేసవి సెలవులు వచ్చి పిల్లలు ఒకరికొకరు దూరమయ్యేసరికి పుకారు చల్లబడింది.

కథ ఇంతవరకే అయితే అది మామూలు దెయ్యం కథ. పిల్లలు దానికి చేర్చుకున్న తప్పించుకునే దారులు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అవుననీ కాదనీ చెప్పకుండా “ఫర్వాలేదు, మామూలుగా ఉన్నావు” అంటే ఆమె తికమకపడి ఆగుతుంది, ఆ సందులో పరుగెత్తాలి. “పొమేడ్” అని మూడుసార్లు అనాలి. తలకు రాసుకునే ఆ క్రీము వాసన ఆమెకు గిట్టదట. ముఖానికి శస్త్రచికిత్స చేసి చెడగొట్టిన డాక్టరు తల నిండా అదే పులుముకుని ఉన్నాడని ఒక కథ. కొన్ని ఊళ్లలో మూడు చాలదు, ఆరుసార్లు అనాలి. చక్కెర పాకంతో చేసే బెక్కో-అమే అనే బిళ్లలు విసిరితే వాటికోసం ఆగిపోతుంది. ఊరికే పరుగెడితే లాభం లేదు, ఎందుకంటే ఆమె 100 మీటర్లను 6 సెకన్లలో దాటుతుంది, ఇంకో ఊరి లెక్కలో 3 సెకన్లే. ఆనాటి ప్రపంచ రికార్డు 9.95 సెకన్లు.

పరుగు ఎంత వేగమో, మాట ఎన్నిసార్లు అనాలో, ఏ వస్తువు పనిచేస్తుందో ఇలా అంకెలతో సహా చెప్పే తీరు ఆటల నియమ పుస్తకాల్లో ఉంటుంది. ప్రశ్న, తప్పు జవాబు, ఒప్పు జవాబు, దగ్గర ఉంచుకోవాల్సిన వస్తువు, శత్రువు బలం, శత్రువు లోపం. జపాన్ బడి పిల్లలు 1979లోనే ఒక హారర్ గేమ్‌ను నోటితో తయారుచేసుకున్నారని అంటే అతిశయోక్తి కాదు. తెలుగు పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. 1990లలో ఇళ్ల తలుపుల మీద సుద్దతో, బొగ్గుతో రాసిన ‘ఓ స్త్రీ రేపు రా’ గుర్తున్నవాళ్లకు తర్కం అదేనని అర్థమవుతుంది. దెయ్యం వస్తుంది, తలుపు తడుతుంది, కానీ చదవగలదు, చదివిన మాటకు కట్టుబడుతుంది. రోజూ వచ్చి రోజూ వాయిదా పడుతుంది. ఆ దెయ్యంతో పోట్లాడక్కర్లేదు, అది పాటించే నియమం తెలిస్తే చాలు.

జపాన్ బడి కథల్లో ఈ ప్రశ్న–జవాబు అమరిక పదేపదే కనిపిస్తుంది. మరుగుదొడ్డి చివరి గదిలో గొంతు వినిపిస్తుంది: ఎర్ర కాగితం కావాలా, నీలం కాగితం కావాలా? ఎరుపంటే నెత్తురు మడుగులో పోతావు, నీలమంటే ఒంట్లో రక్తమంతా పోయి నీలంగా మారి చస్తావు. తెలివిగా వేరే రంగు చెప్పినవాళ్లను కింది లోకంలోకి లాక్కుపోతారు. ఏదీ వద్దనడం ఒక్కటే దారి. ఈ గొంతును అకా మాంటో అంటారు, ఎర్ర అంగీ మనిషి. 1930ల చివర టోక్యోలో పిల్లల్ని ఎత్తుకుపోయే ఎర్ర అంగీవాడి పుకారు వేరే ఉండేది. తర్వాతి దశాబ్దాల్లో పేరూ ప్రశ్నా కలిసిపోయాయి. హనాకో-సాన్ అనే పిల్లదెయ్యం ఇంకా పద్ధతైనది. మూడో అంతస్తులో మూడో గది తలుపు మూడుసార్లు తట్టి పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుంది. పాత బళ్లలో మరుగుదొడ్లు వరండా కొసన, వెలుతురు తక్కువగా, ఒంటరిగా వెళ్లాల్సిన చోట ఉండేవి. భయం అక్కడ చేరడానికి ఇంకో కారణం అక్కర్లేదు.

ఈ సామగ్రినంతా తీసుకుని ఒక ఇండీ గేమ్, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా చేసిన ఆట, తయారైంది, అదీ పోలండ్‌లో. పేరు వరల్డ్ ఆఫ్ హారర్. చేసినాయన పావెల్ కోజ్మిన్‌స్కీ, ‘పన్‌స్టాజ్’ పేరుతో పనిచేస్తారు, వృత్తి దంతవైద్యం. బొమ్మలు చాలావరకు గీసింది మైక్రోసాఫ్ట్ పెయింట్‌లో. 2020 ఫిబ్రవరిలో అసంపూర్ణ రూపంలో అమ్మకానికి వచ్చి, 2023 అక్టోబర్‌లో పూర్తయింది; కంప్యూటర్‌తో పాటు నింటెండో స్విచ్, ప్లేస్టేషన్‌లకూ దొరుకుతుంది. కథ జరిగేది 1980లలో, షియోకావా అనే కల్పిత జపాన్ సముద్రతీర పట్టణంలో. ఒక ప్రాచీన దేవత నిద్రలేవబోతోంది, ఊరు పిచ్చెక్కుతోంది. ఆటగాడు ఐదు మిస్టరీలు ఛేదిస్తే లైట్‌హౌస్ తలుపు తెరుచుకుంటుంది, పైకి వెళ్లి ఆ దేవతను ఆపాలి. అమెరికా రచయిత లవ్‌క్రాఫ్ట్ నుంచి దేవతలనూ, జపాన్ మాంగా (బొమ్మల కథల) చిత్రకారుడు జుంజీ ఇతో నుంచి వంకరపోయే ముఖాలనూ, మెలికలు తిరిగే శరీరాలనూ తీసుకున్నట్టు ఎవరికైనా తెలుస్తుంది, చేసినాయన కూడా దాచలేదు. కానీ ఆట ఎముకలు మాత్రం బడి పుకార్లవే. చాలామంది మొదట ఆడేది బడిలో కత్తెర పట్టుకు తిరిగే ఆడమనిషి కథ. అందులో నోరు చీరిన ఆడదాని పోలికలు వెతుక్కోనక్కర్లేదు.

తెర మీద మొదట కనిపించేది నలుపు తెలుపు. బూడిదరంగు కూడా లేదు. కావాలంటే మరో రెండు ఛాయలు కలిపే ఎంపిక ఉంది, రంగుల జతలను మార్చుకోవచ్చు, కానీ ఆట పుట్టింది ఒక్క బిట్‌లో: చుక్క ఉందా లేదా, అంతే. 1984 నాటి ఆపిల్ మాకింటాష్ తెర ఇలాంటిదే, 512 అడ్డం, 342 నిలువు చుక్కలు, అన్నీ నలుపో తెలుపో. ఇంకో పూర్వికుడు జపాన్‌లోనే ఉంది: ఎన్‌ఈసీ కంపెనీ 1982లో తెచ్చిన పీసీ-98 వరస కంప్యూటర్లు. వాటిమీద వచ్చిన అడ్వెంచర్ ఆటల్లో తెరను గళ్లుగా విడగొట్టి, ఒక గడిలో బొమ్మ, ఇంకో గడిలో మాటలు, పక్కన ఆజ్ఞల పట్టీ పెట్టేవారు. వరల్డ్ ఆఫ్ హారర్ తెర కూడా అలాగే గడులు గడులుగా ఉంటుంది.

నీడ చూపించాలంటే నల్ల చుక్కల మధ్య తెల్ల చుక్కలు చల్లాలి. దూరం నుంచి బూడిదరంగులా, దగ్గర నుంచి ఇసుకలా ఉంటుంది. ఈ పరిమితి భయానికి బాగా అచ్చొచ్చింది. ఒక ముఖాన్ని తీసుకోండి. కళ్లూ ముక్కూ చుక్కగీతలతో శుభ్రంగా గీసి, పెదవుల దగ్గరికొచ్చేసరికి చుక్కలు చిక్కబడి ఒక నల్లటి ముద్ద అవుతుంది. అది చీరిన నోరా, నీడా, చేయి అడ్డు పెట్టుకుందా అని కన్ను ఒక్క క్షణం తేల్చుకోలేదు. ఆ క్షణంలో చూసేవాడి మెదడే మిగతా బొమ్మ గీసేస్తుంది, గాయం అంచులతో సహా. పుకారు చేసే పనీ ఇదే. “మా అక్క వాళ్ల స్నేహితురాలు చూసిందట” అన్నాక వివరాలు అడిగితే చెప్పేవాడి దగ్గర ఉండవు. లేకపోవడం వల్లే వినేవాడు తన ఇంటి సందు మలుపునూ, తనకు తెలిసిన మాస్కునూ దాంట్లో పెట్టుకుంటాడు. కోట్ల రూపాయల ఖర్చుతో చర్మరంధ్రాలు కూడా కనిపించేలా తీర్చిన ముఖం ఆ ఖాళీని ముందే నింపేస్తుంది.

ఆట నడక సూటిగా ఉంటుంది. ఒక చోటును ఎంచుకుని వెతకమని నొక్కాలి: బడి, ఆసుపత్రి, అడవి, సముద్రపు ఒడ్డు. ప్రతిసారీ ఏదో ఒక సంఘటన పేక కట్టలోంచి ముక్క తీసినట్టు పైకొస్తుంది. రెండు మూడు వాక్యాలు, ఒక బొమ్మ, ఒక ఎంపిక. బలం, చురుకు, పరిశీలన, జ్ఞానం, మాటకారితనం, అదృష్టం వంటి లక్షణాల్లో ఏదో ఒకదానితో పరీక్ష. ఓడిపోతే ఒంటి సత్తువో మతి నిలకడో తగ్గుతుంది. వీటన్నిటి పైన డూమ్ అనే శాతం ఒకటి ఉంది. అది ఆటగాడిది కాదు, ఊరిది. తప్పటడుగు వేసినప్పుడూ, కొన్నిసార్లు ఏ తప్పూ చేయకపోయినా పెరుగుతుంది. 100కి చేరితే దేవత లేచినట్టే, ఆట ముగిసినట్టే. 1979 పుకారు ఏ పిల్లాడి చేతిలోనూ లేకుండా ఊరూరా పెరిగిన తీరును ఒక్క అంకెలో చెప్పాలంటే ఇంతకంటే మంచి పద్ధతి దొరకదు. భయం ఒక మనిషికి జరిగేది కాదు, ఊళ్లో మట్టం పెరిగే నీరు అన్న ఊహ ఈ శాతంలో ఉంది.

పోరాటాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఎదురైన దాన్ని బట్టి చర్యలను ఒక పట్టీ మీద వరసగా పేర్చాలి. కొట్టడానికి ఇంత నిడివి, తప్పుకోవడానికి ఇంత, దగ్గర్లో ఆయుధంలాంటిది వెతకడానికి ఇంత. పట్టీ నిండాక ఒక్కసారి నొక్కితే అన్నీ వరసగా జరుగుతాయి, తర్వాత శత్రువు వంతు. శరీరం ఉన్న శత్రువులకు ఇది సరిపోతుంది. దెయ్యం వచ్చిందంటే మాత్రం కర్రా కత్తీ పనికిరావు. అప్పుడు పట్టీ మీద పేర్చాల్సింది వంగి మొక్కడాన్నీ, చప్పట్లనూ. ఏ వరస సరైనదో ఆట చెప్పదు. రెండుసార్లు వంగి ఒకసారి చప్పట్లా, ముందు చప్పట్లు తర్వాత వంగడమా అని ప్రయత్నిస్తూ, ఒంటి సత్తువ కరిగిపోతుంటే కనుక్కోవాలి.

ఇది గాలిలోంచి పుట్టిన యుక్తి కాదు. జపాన్ సంప్రదాయ మతమైన షింతో ఆలయంలో దేవుడి ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగడం మామూలు పద్ధతి. ఇజుమో మహా ఆలయంలో చప్పట్లు నాలుగు. మర్యాదకు ఒక వరస ఉంది, ఆలయాన్ని బట్టి అది మారుతుంది, తప్పితే మొక్కు అందదు. పొమేడ్ మూడుసార్లా ఆరుసార్లా అని పిల్లలు పడిన తగాదా ఇదే. చేతిలో తుపాకి పెట్టి దెయ్యాన్ని కాల్చమనే ఆటలు లెక్కలేనన్ని ఉన్నాయి. దెయ్యానికి చెల్లించాల్సిన మర్యాద ఏమిటో తెలుసుకో అనే ఆటలు చాలా తక్కువ. ఈ ఆటలో అన్నిటికంటే తెలివైన ఆలోచన ఏదంటే ఈ చప్పట్ల పోరాటమనే చెప్పాలి.

ఒక ఆట ఎక్కువసేపు సాగదు, చనిపోతే మొదటికే. మళ్లీ మొదలుపెడితే మిస్టరీల జాబితా మారుతుంది, సంఘటనల వరస మారుతుంది, లేవబోయే దేవత మారితే ఆట నియమాల్లో ఒకటి మారుతుంది. ఒక్కో మిస్టరీకి ఒకటికి మించిన ముగింపులున్నాయి. ఈ రకం అమరికను రోగ్‌లైక్ అంటారు, ఇండీ ఆటల్లో ఇప్పుడు పాతబడిన ఫ్యాషనే. కానీ చాలా ఆటల్లో ఇది ఆటగాడిని కట్టిపడేసే ఎత్తుగడగా మిగిలితే, ఇక్కడ విషయానికి సరిపోయింది. వదంతికి అసలు ప్రతి అంటూ ఉండదు. గిఫులో చెప్పిన కథ వేరు, టోక్యోలో వేరు. ఒకచోట ఆమె ఒక్కతే, ఇంకోచోట ముగ్గురు అక్కచెల్లెళ్లు. ఆటలో కత్తెర ఆడమనిషి కథ నాలుగోసారి వేరేలా ముగిసినప్పుడు, అది కొత్త కథ అనిపించదు. అదే కథను పక్క బడివాళ్లు చెప్పుకునే తీరు అనిపిస్తుంది.

జపాన్‌లో ఇదే సామగ్రితో వేరే దారిలో వెళ్లినవాళ్లున్నారు. చిల్లాస్ ఆర్ట్ పేరుతో ఇద్దరు అన్నదమ్ములు 2018 తర్వాత నుంచీ చిన్న చిన్న హారర్ గేమ్‌లను వరసగా విడుదల చేస్తున్నారు. అకా మాంటో పేరుతోనే ఒకటి, ఫుకుఒకా దగ్గరి ఇనునాకి సొరంగం వదంతి మీద ఒకటి, చావులు జరిగిన అద్దె ఇళ్ల మీద ఒకటి, రాత్రిపూట కన్వీనియన్స్ స్టోర్‌లో పనిచేసే విద్యార్థిని మీద ఒకటి. రెండు మూడు గంటల్లో అయిపోతాయి, ధర కూడా తక్కువే. అద్దె ఇళ్ల సంగతి వదంతి మాత్రమే కాదు. ఆత్మహత్యో హత్యో జరిగిన ఇంటిని జపాన్‌లో జికో బుక్కెన్ అంటారు, అద్దె తగ్గుతుంది, ముందే చెప్పాల్సిన బాధ్యత ఇల్లు చూపించేవాళ్లది. అద్దె ఇళ్ల విషయంలో అది సుమారు మూడేళ్ల వరకని 2021లో ప్రభుత్వం మార్గదర్శకాలే ఇచ్చింది. దెయ్యానికి గడువు తేదీ పెట్టిన ప్రభుత్వం ఇంకొకటి ఉందేమో మరి.

చిల్లాస్ ఆర్ట్ ఆటలు ఎంచుకున్న పాతదనం నలుపు తెలుపుది కాదు, 1994 డిసెంబర్‌లో జపాన్‌లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్‌ది. దానిపైన అరిగిపోయిన వీడియో టేపు మరకలు. ఆ రూపం ఎందుకు అలా ఉంటుందో తెలిస్తే దాని వాడకం కూడా అర్థమవుతుంది. ఆ యంత్రంలో ముఖ్య మెమరీ 2 మెగాబైట్లే. త్రికోణాల మూలలను అది తెర మీద పూర్ణాంకపు చుక్కలకే సర్దేది, అందుకే నడుస్తుంటే గోడల అంచులు చిన్నగా వణుకుతాయి. గోడ మీది బొమ్మను అతికించేటప్పుడు లోతును లెక్కలోకి తీసుకునేది కాదు, అందుకే నేల పలకలు దగ్గరికొచ్చేకొద్దీ వంకర్లు పోతాయి. ఏది ముందుంది ఏది వెనకుంది అని చుక్క చుక్కకూ చూసే ఏర్పాటు లేదు, త్రికోణాలను వెనక నుంచి ముందుకు పేర్చి గీయాలి, పేర్పు తప్పితే వెనకది ముందుకు పొడుచుకొస్తుంది. దూరాన్ని గీసే శక్తి చాలక పొగమంచు కప్పేవారు.

బడి వరండాలో నడుస్తుంటే గోడ ఒక్క చుక్క పక్కకు జరుగుతుంది. యంత్రం లోపమని తెలుసు. అయినా ఆ చోటు నిలకడగా లేదన్న సంగతి ఒళ్లు పట్టేస్తుంది. 1990లలో ఇంజనీర్లు దిద్దలేక వదిలేసిన తప్పును ఈతరం ఇండీ తయారీదారులు ప్రత్యేకంగా కోడ్ రాసి మరీ తెచ్చుకుంటున్నారు. 2020 నుంచి ‘హాంటెడ్ పీఎస్‌1’ పేరుతో ఒక బృందం ఇలాంటి ఆటల నమూనాలను కట్టగా విడుదల చేస్తూ వచ్చాక ఇదొక శైలిగా స్థిరపడింది.

స్థిరపడ్డాక చౌకబడింది కూడా. టేపు మరకలు చల్లి, చీకటి వరండాలో వెంటపడే తెల్ల చీరలాంటి ఆకారాన్ని వదిలితే ఆట అయిపోతుందనుకునే సరుకు దుకాణాల నిండా ఉంది. వెంటపడటం ఒక్కటే మిగిల్చితే జపాన్ వదంతిలోని అసలు సొగసు పోతుంది. అకా మాంటో భయం పరుగులో లేదు, జవాబులో ఉంది. తలుపు గడియ వేసుకున్న చిన్న గదిలో, లేవలేని స్థితిలో, రెండు రంగుల మధ్య ఇరుక్కున్న పిల్లవాడి నోట్లో ఉంది. ఆ క్షణాన్ని వదిలేసి వరండాలో పరుగు పెట్టించే ఆటకు ఎర్ర అంగీ ఉన్నా నీలం చొక్కా ఉన్నా తేడా ఏమీ లేదు. వరల్డ్ ఆఫ్ హారర్‌లో పరుగు దాదాపు లేకపోవడం, అంతా చదివి ఎంచుకోవడమే కావడం మొదట్లో నత్తనడకలా అనిపిస్తుంది గానీ, వదంతి ఆత్మ దానికే ఎక్కువ దక్కింది.

పోలండ్ మనిషి గీసిన జపాన్ ఎంతవరకు జపాన్ అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. షియోకావా నిజమైన ఊరు కాదు, మాంగా పుటల్లోంచీ, వీడియో టేపుల్లోంచీ చూసిన ఊరు. అక్కడి లైట్‌హౌస్, ప్రాచీన దేవతలు అమెరికా నుంచి వచ్చినవే. జపాన్ వదంతుల్లో విశ్వాన్ని మింగే దేవతలు ఉండరు. మరుగుదొడ్డి దాటి బయటికి రాని, ఒక ప్రశ్న దాటి మాట్లాడని చిన్న దెయ్యాలే ఉంటాయి. రెంటినీ కలిపినచోట అతుకు కనిపిస్తుంది. విడిగా ఒక్కో మిస్టరీ ఆడుతున్నప్పుడు బిగువుగా ఉన్న ఆట, చివర్లో లైట్‌హౌస్ మెట్లెక్కేటప్పుడు సడలిపోతుంది. లోకం మునిగిపోతుందన్న బెదిరింపు కంటే మూడో గది తలుపు వెనక నుంచి పలికిన “ఉన్నాను” అన్న జవాబే ఒళ్లు జలదరింపజేస్తుంది. ఈ విషయంలో ఆట తన బలమేదో తనే పూర్తిగా నమ్మినట్టు లేదు.

లోపాలు ఇంకా ఉన్నాయి. తెర నిండా గడులు, అంకెలు, చిన్న అక్షరాలు. ఏది ఎక్కడ నొక్కాలో తెలియడానికే మొదటి గంట పోతుంది. పాచికల మీద ఆధారపడిన పరీక్షలు కొన్నిసార్లు ఏ తప్పూ చేయని ఆటగాడిని వరసగా మూడు దెబ్బలు కొట్టి పడేస్తాయి. పెద్ద చిక్కు మాత్రం వేరే. పదో ఆటకు సంఘటనలు తిరిగి రావడం మొదలవుతుంది. ఆసుపత్రిలో ఎదురైన ముఖం మొదటిసారి చెమట పట్టించింది, నాలుగోసారి “ఇది చురుకు పరీక్ష, గెలిచే అవకాశం సగానికి పైనే” అన్న లెక్క మాత్రమే మిగిలింది. నియమం పూర్తిగా తెలిసిపోతే భయం పోతుంది.

బడి పిల్లలకూ ఈ చిక్కు వచ్చింది. పొమేడ్ మాట అందరికీ తెలిసిపోయాక దెయ్యానికి కోరలు పోయాయి. అప్పుడు వాళ్లు మూడుసార్లు చాలదు ఆరు కావాలన్నారు, అక్కచెల్లెళ్లను తెచ్చారు, పరుగు వేగం పెంచారు. చెప్పే నోరు మారిన ప్రతిసారీ ఒక సవరణ పడింది. ఆటకు అంత తేలిక కాదు. మూడున్నరేళ్ల పాటు కొత్త మిస్టరీలు, పాత్రలు, సంఘటనలు కలుపుతూ రావడం, ఆటగాళ్లే సొంత సంఘటనలు రాసి చేర్చుకునే వీలివ్వడం ఆ పనికోసమే. అభిమానులు చేర్చినవాటిలో పనికిమాలినవి బోలెడుంటాయి, వదంతుల్లోనూ అంతే.

ఇంటర్నెట్ వచ్చాక వదంతి చోటు మార్చింది గానీ పద్ధతి మార్చలేదు. 2004 జనవరిలో జపాన్ చర్చావేదిక ఒకదానిలో ఒకరు రాత్రి రైల్లోంచి రాయడం మొదలుపెట్టారు: రైలు ఎంతకీ ఆగడం లేదు, చివరికి కిసరాగి అనే పేరున్న స్టేషన్‌లో ఆగింది, ఆ పేరు ఏ పటంలోనూ లేదు. చదివేవాళ్లు దిగొద్దనీ, పట్టాల వెంట నడవొద్దనీ, ఇంటికి ఫోన్ చేయమనీ సలహాలిస్తూ తెల్లవారేదాకా కూర్చున్నారు. చివరి సందేశం తర్వాత రాతలు ఆగిపోయాయి. ఆ రాత్రి చదివినవాళ్లంతా ఒక గేమ్ ఆడినవాళ్లే, ఎంపికలు సూచిస్తూ, ఫలితం కోసం చూస్తూ. 2023 నవంబర్‌లో వచ్చిన ఎగ్జిట్ 8 అనే గేమ్ ఈ తర్కాన్ని కొసకు తీసుకెళ్లింది. భూగర్భ మెట్రో దారి, గోడ మీద సూచనలు: తేడా కనిపిస్తే వెనక్కి తిరుగు, కనిపించకపోతే ముందుకు సాగు. రూపంలో పాతదనం ఏమీ లేదు, గోడ పలకలు అద్దంలా మెరుస్తాయి. దెయ్యం దాదాపు లేదు, నియమం ఒక్కటే ఉంది. 2025లో దాన్ని సినిమాగా తీసినప్పుడు కథానాయకుడికి ఒక జీవితాన్నీ, ఒక సంకటాన్నీ కొత్తగా కల్పించాల్సి వచ్చింది.

వరల్డ్ ఆఫ్ హారర్ తెలుగులో లేదు, కాబట్టి ఇంగ్లిష్ ధారాళంగా చదవగలిగినవాళ్లకే పనికొస్తుంది. మాటలే సగం ఆట. మొదలుపెట్టేవాళ్లు బడి మిస్టరీతో మొదలుపెట్టడం మేలు. రెండు ఛాయలు కలిపిన తెర కంటికి తేలిక, కానీ నలుపు తెలుపులోనే బొమ్మలు ఎక్కువ బిగువుగా ఉన్నాయి. తొలి రెండు మూడు ఆటలు ఓడిపోవడం ఖాయం, అప్పటికింకా ఏ దెయ్యానికి ఎన్ని చప్పట్లో తెలియదు కాబట్టి. ఆ చప్పట్ల వరసలను ముందే ఇంటర్నెట్‌లో వెతికి చూసుకుంటే మాత్రం డబ్బు దండగే.